మందిచ్చే వాళ్ళకు ముందు టీకా

విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో తొలకరికి ముందే ఆవులకూ గేదెలకూ గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించడం రైతులకు అలవాటైన పని. గాలికుంటు టీకా వేసేవాళ్ళు ఊళ్ళోకి వచ్చారంటే పశువులను తోలుకెళ్తారు. గొర్రెలకు చిటుకు రోగం టీకా ఎప్పుడు వేయించాలో కాపరికి ఒకరు గుర్తు చేయక్కర్లేదు. అదే ఇంట్లో ఇరవై ఏళ్ళ కొడుకో కూతురో ఉంటే, వాళ్ళకు ఏ టీకాలు పడ్డాయో ఏవి పడలేదో చెప్పగలిగేవాళ్ళు తక్కువ. చిన్నప్పటి టీకా కార్డు ఎప్పుడో పోయి ఉంటుంది. ఆ పిల్లలు ఫార్మసీ చదువుతున్నా సంగతి పెద్దగా మారదు.

పశువైద్యం చదివే వాళ్ళు జంతువులను ముట్టుకోక తప్పదు. అందుకని కాటు పడకముందే వాళ్ళు రేబిస్ టీకా వేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినప్పుడు దానికంటే ముందు రక్షణ రావాలి కదా. ఫార్మసీ విద్యార్థికీ ఇదే న్యాయం వర్తించాలి. డి.ఫార్మసీ చదివినవాళ్ళు 500 గంటలు ఆసుపత్రిలోనో మందుల షాపులోనో శిక్షణ పొందాలి. ఫార్మ్‌.డి విద్యార్థులు డాక్టర్ల వెంట వార్డుల్లో తిరుగుతారు, ఆరో ఏడాది ఆసుపత్రిలోనే గడుపుతారు. వార్డులో అడుగుపెట్టే రోజున తెల్లకోటు, గుర్తింపు కార్డు ఉన్నాయా అని చూస్తారు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పడ్డాయా అని అడగడం అన్నిచోట్లా నియమం కాలేదు. కావాలి. కాలేజీలో చేరిన మొదటి నెలలోనే ఆ ప్రశ్న అడగాలి, లేదన్నవాళ్ళకు అక్కడే తొలి డోసు వేయించాలి.

ముందుగా హెపటైటిస్-బి పేరే ఎందుకెత్తాలి? ఆసుపత్రిలో పొరపాటున చేతికి గుచ్చుకునే సూది వల్ల అంటుకునే మూడు ప్రధాన వైరస్‌లలో అన్నిటికంటే తేలిగ్గా అంటుకునేది ఇదే. టీకా లేని వ్యక్తికి, వైరస్ ఎక్కువగా ఉన్న రోగి రక్తం సూది ద్వారా తగిలితే 100కి 30 వరకూ సోకే అవకాశం ఉంది. హెపటైటిస్-సి విషయంలో అది 3 లోపు, హెచ్ఐవీ విషయంలో 0.3 శాతం. హెచ్ఐవీ అంటే అందరూ జాగ్రత్తపడతారు. దానికంటే ఎన్నో రెట్లు తేలిగ్గా అంటుకునే ఈ కామెర్ల వైరస్ విషయంలో ఆ భయం కనబడదు. ఎండిపోయిన రక్తపు మరకలో సైతం ఈ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. సోకినవాళ్ళలో చాలామందికి ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ ఉండదు, కాలేయం గట్టిపడ్డాకో క్యాన్సర్ వచ్చాకో బయటపడుతుంది. మన దేశంలో ఈ వైరస్‌తో దీర్ఘకాలంగా బతుకుతున్నవాళ్ళు 2022 నాటికి దాదాపు 3 కోట్లమంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందువల్ల వార్డులో ఏ మంచం మీదైనా అలాంటి రోగి ఉండవచ్చు, ఆ సంగతి రోగికే తెలియకపోవచ్చు.

సూదుల అజాగ్రత్త ఎంతదాకా తీసుకెళ్తుందో 2009లో గుజరాత్‌లోని మోడాసా పట్టణం చూపించింది. వాడిన సిరంజిలను మళ్ళీ వాడటం వల్ల అక్కడ హెపటైటిస్-బి ప్రబలి పదుల సంఖ్యలో జనం చనిపోయారు.

ఈ వైరస్‌ను అడ్డుకునే టీకా మన ముంగిట్లోనే తయారైందన్న సంగతి తెలుగు విద్యార్థులు తెలుసుకోవాలి. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి చదివింది ఎలక్ట్రానిక్స్. 1990ల మొదట్లో జెనీవాలో ఒక సమావేశానికి వెళ్ళినప్పుడు, హెపటైటిస్-బి టీకా సాంకేతికత భారతదేశానికి ఎందుకన్న ధోరణిలో వచ్చిన మాటలు ఆయనకు గట్టిగా తగిలాయి. అప్పటికి ఆ టీకా విదేశాల నుంచే రావాలి, సామాన్యుడు కొనలేనంత ఖరీదు. ఆయన 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చింది. జన్యు సాంకేతికతతో భారతదేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అది. దానితో ధర నేలకు దిగింది. ఆ తరవాత అంతర్జాతీయ సంస్థలు పేద దేశాల పిల్లల కోసం కొన్న టీకాల్లోనూ హైదరాబాద్ సరుకు చేరింది. ఈ రోజు పెద్దవాళ్ళ మోతాదు మూడు డోసులకూ అయ్యే ఖర్చు ఒక సెమిస్టరు పుస్తకాల ఖర్చు కంటే తక్కువ. హైదరాబాద్‌లో పుట్టిన టీకా ఉత్తరాంధ్ర ఫార్మసీ విద్యార్థి భుజానికి చేరకపోవడానికి డబ్బు కారణం కాదన్నమాట. అడిగేవాళ్ళు లేకపోవడమే కారణం.

టీకా ఎందుకు పనిచేస్తుందో విద్యార్థి పరీక్ష కోసం చదువుతాడు. తన ఒంటికి అన్వయించుకుని చదివితే అదే పాఠం ఇంకోలా అర్థమవుతుంది. సూక్ష్మజీవికి మొదట అడ్డుపడేవి చర్మం, శ్లేష్మపు పొరలు, రక్తంలోని కొన్ని తెల్లకణాలు. ఇవి ఎవరు వచ్చినా ఒకే తీరుగా ఎదిరిస్తాయి, ఎవరినీ గుర్తుపెట్టుకోవు. రెండో విడతలో బి-కణాలు, టి-కణాలు రంగంలోకి దిగుతాయి. బి-కణాలు ఆ సూక్ష్మజీవికి సరిగ్గా అతికే యాంటీబాడీలను తయారుచేస్తాయి, టి-కణాలు వైరస్ దూరిన కణాలను చంపుతాయి. మొదటిసారి ఈ పనికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆలోగానే కొన్ని జబ్బులు మనిషిని లొంగదీస్తాయి. అయితే ఈ పోరు ముగిశాక కొన్ని కణాలు జ్ఞాపకంతో మిగులుతాయి. అదే సూక్ష్మజీవి మళ్ళీ వస్తే రోజుల్లోనే, ముందుకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా యాంటీబాడీలు పుట్టుకొస్తాయి. జబ్బు పడకుండానే శరీరానికి ఆ జ్ఞాపకాన్ని కలిగించడమే టీకా చేసే పని. 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుల పొదుగు మీద వచ్చే గోమశూచి రసిని ఎనిమిదేళ్ళ కుర్రవాడికి ఎక్కించి చూపించింది ఇదే. 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ళ పాపకు వేసిన డోసుతో ఆ పద్ధతి మన దేశంలో అడుగుపెట్టింది. 1980లో మశూచి భూమి మీద లేదని ప్రకటించారు.

జ్ఞాపకం ఏర్పడేదాకా ఆగలేని సందర్భాలూ ఉంటాయి. ఉత్తరాంధ్ర పొలాల్లో కట్లపామో నాగుపామో కాటేసినప్పుడు ఆసుపత్రిలో ఎక్కించే యాంటీ వెనమ్ గుర్రాల రక్తంలో తయారైన యాంటీబాడీలే. అవి వెంటనే పనిచేస్తాయి, కొన్ని వారాల్లో ఒంట్లోంచి పోతాయి, జ్ఞాపకాన్ని మిగల్చవు. కుక్క కాటు లోతుగా ఉంటే గాయంలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అదే కోవలోది. టీకా యాంటీబాడీలు తయారయ్యేదాకా అది కాపు కాస్తుంది. అందుకే ఆ రెండూ కలిపి ఇస్తారు. తల్లి కడుపులో ఉండగా బిడ్డకు చేరే యాంటీబాడీలు కూడా ఇలా అరువు తెచ్చుకున్నవే. అవి తగ్గేదాకా తట్టు టీకా సరిగా పట్టదు కనుకనే దాన్ని తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. ఈ తేడా తెలిసిన ఫార్మసిస్టు, ‘ఒక సూది వేశారు కదా, రెండోది ఎందుకు’ అని అడిగే తల్లికి రెండు మాటల్లో జవాబు చెప్పగలడు.

హెపటైటిస్-బి టీకాకు మూడు డోసులు: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. భుజం కండకు వేయాలి. పిరుదుకు వేస్తే సరిగా పట్టదు. మధ్యలో ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టనక్కర్లేదు, మిగిలినవి పూర్తిచేస్తే చాలు. ఈ చిన్న సంగతి తెలియక ‘డేటు దాటిపోయింది, ఇక లాభం లేదు’ అని వదిలేసేవాళ్ళు ఎందరో. మూడో డోసు తరవాత ఒకటి రెండు నెలలకు రక్తంలో యాంటీబాడీల పరీక్ష చేయించుకోవాలి. మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు, ఆ పైన ఉంటే రక్షణ కుదిరినట్టు. ఆరోగ్యంగా ఉన్న యువతలో 100కి 90 మందికి పైగా ఈ గీత దాటుతారు. దాటనివాళ్ళకు మరో మూడు డోసులు వేసి మళ్ళీ చూడాలి. మామూలు జనానికి ఈ పరీక్ష అక్కర్లేదు. సూదుల మధ్య పనిచేయబోయేవాళ్ళకు తప్పనిసరి.

‘మా పిల్లలకు చిన్నప్పుడే వేశారు’ అనేవాళ్ళు ఉంటారు. హెపటైటిస్-బి టీకా దేశమంతటా ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది 2011లో. ఆంధ్రప్రదేశ్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో అంతకు ముందే మొదలైనా, ఇప్పుడు కాలేజీలో ఉన్నవాళ్ళలో ఎవరికి మూడూ పడ్డాయో కార్డు లేకుండా చెప్పలేం. 2011 తరవాత పుట్టిన పిల్లలు కాలేజీ మెట్లెక్కేది 2029 తరవాతే. పసితనంలో వేసుకున్నవాళ్ళకైనా ఇరవై ఏళ్ళకు యాంటీబాడీలు తగ్గి కనబడవచ్చు. జ్ఞాపకం ఉందో లేదో తేల్చడానికి ఒక డోసు వేసి, నెల రెండు నెలలకు మళ్ళీ పరీక్షిస్తే సరిపోతుంది.

తట్టు సంగతి కొంత నయం. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్ళలోపు పిల్లలందరికీ తట్టు-రుబెల్లా టీకా వేశారు. బడిలో వరసగా నిలబెట్టి కుడి భుజానికి సూది వేసి, ఎడమచేతి బొటనవేలికి సిరా గుర్తు పెట్టిన సంగతి నేటి డిగ్రీ విద్యార్థుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు బడికి రానివాళ్ళకు, రెండో డోసు రుజువు లేనివాళ్ళకు ఇప్పుడు ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి వేసే టీకా) వేయించుకునే అవకాశం ఉంది. ఆరోగ్య సిబ్బందికి నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు ఉండాలి. ఆ 2017 సూదిలో గవదబిళ్ళల భాగం లేదన్నది కూడా గమనించాలి. తట్టు ఎంత వేగంగా అంటుతుందంటే, ఊళ్ళో 100కి 95 మందికి రక్షణ ఉంటే తప్ప దాని వ్యాప్తి ఆగదు. రుబెల్లా గర్భిణికి సోకితే బిడ్డకు చెవుడు, గుండె లోపాలు రావచ్చు. ప్రసూతి వార్డులో మందులు అందించే విద్యార్థి తన ద్వారా ఆ ముప్పు తేకూడదు. ఈ తట్టు-రుబెల్లా, ఎమ్మెమ్మార్ టీకాలు బతికున్న, బలహీనపరిచిన వైరస్‌లతో చేసేవి కాబట్టి గర్భిణులకూ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకూ వేయరాదు.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందో లేదో ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో తెలుస్తుంది. పోయనివాళ్ళకు రెండు డోసుల టీకా ఉంది. పెద్దయ్యాక వచ్చే ఆటలమ్మ ఊపిరితిత్తులను దెబ్బతీసే ప్రమాదం ఎక్కువ. ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి, ఎందుకంటే ఆ వైరస్ ఏటికేడాది వేషం మారుస్తుంది. ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు మూడింటికీ కలిపి వేసే టీడాప్ పెద్దయ్యాక ఒకసారి వేయించుకుని, ఆ తరవాత పదేళ్ళకోసారి ధనుర్వాతం, కంఠసర్పిలకు వేసే టీడీ వేయించుకోవాలి. జంతువులతో పనిచేసేవాళ్ళకూ, కుక్క కాట్ల విభాగంలో శిక్షణకు వెళ్ళేవాళ్ళకూ ముందస్తు రేబిస్ టీకా అవసరం. అమెరికాకు ఎమ్మెస్ చదువుకు వెళ్ళే మన పిల్లలు టీకా రుజువుల కోసం ఆఖరి నెలలో పరుగులు పెడతారు. అక్కడి విశ్వవిద్యాలయం అడిగితే చూపించే కాగితాన్ని ఇక్కడి కాలేజీ మొదటి ఏడాదే అడిగి ఉంటే ఆ పరుగూ ఉండదు, మధ్యలో ముప్పూ ఉండదు.

గరివిడి మాంగనీసు గనులతో, ఫెర్రో అల్లాయ్స్ కార్ఖానాతో పెరిగిన ఊరు. ఈ ప్రాంతంలో మాంగనీసు తవ్వకాలు 1890లలోనే మొదలయ్యాయి. ఇనుముతో, రాళ్ళతో, మట్టితో పనిచేసే చోట చేతికి దెబ్బ తగిలితే నోటికొచ్చే మొదటి మాట ‘టీటీ’. తుప్పు మేకు గుచ్చుకుంటేనే ధనుర్వాతం వస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి ఆ బ్యాక్టీరియా బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. పొలంలో ముల్లు గుచ్చుకున్నా వచ్చే ప్రమాదం అది. ఇక చిన్న గీత పడిన ప్రతిసారీ టీటీ వేయించుకునేవాళ్ళు ఒకవైపు, జీవితంలో మూడు ప్రాథమిక డోసులు ఎన్నడూ పూర్తికానివాళ్ళు ఇంకోవైపు ఉన్నారు. మూడు డోసులూ పూర్తయినవాళ్ళకు చిన్న, శుభ్రమైన గాయమైతే పదేళ్ళలోపు మరో డోసు అక్కర్లేదు. మట్టిపడిన లోతైన గాయమైతే అయిదేళ్ళు దాటినప్పుడు వేయాలి. 2019 నుంచి ప్రభుత్వం టీటీ స్థానంలో టీడీ ఇస్తోంది. దానిలో కంఠసర్పి రక్షణ కూడా ఉంది. పిల్లలకు పదో ఏట, పదహారో ఏట వేస్తారు. 2004, 2005లలో పుట్టిన పిల్లలకు పదహారో ఏడు వచ్చేసరికి కొవిడ్‌తో బడులు మూతపడ్డాయి. వాళ్ళలో ఆ డోసు తప్పిపోయినవాళ్ళు ఉండే అవకాశం ఎక్కువ. ఇప్పుడు కాలేజీల్లో ఉన్నదీ, చదువు ముగించుకుని బయటికొస్తున్నదీ వాళ్ళే.

ఊళ్ళో జబ్బు సంగతి డాక్టరు కంటే ముందు తెలిసేది మందుల షాపులోనే. ‘బావూ, కుక్క గీరీసింది, సూది ఏయించుకోవాలేటి?’ అన్న ప్రశ్న చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం ప్రాంతంలో ఏ షాపు కౌంటరు దగ్గరైనా వినబడేదే. కౌంటరు వెనక నిలబడ్డ వ్యక్తి ఆ క్షణంలో చెప్పే మాట మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది, ఎందుకంటే రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికే వాళ్ళు దాదాపు ఉండరు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగమనాలి. పసరు కట్టొద్దనీ, కారం పెట్టొద్దనీ చెప్పాలి. రక్తం వచ్చిందా, గీరిందా, ఒట్టి నాకుడేనా అని అడగాలి. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పంపాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న పాత భయం ఇప్పటికీ పల్లెల్లో మిగిలి ఉంది. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకా వాడకం మన దేశంలో 2004 చివర్లోనే ఆగిపోయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసేది చర్మంలోకి కొద్దికొద్దిగా, మొదటి డోసు తొలి రోజున, ఆ రోజు నుంచి 3, 7, 28 రోజులకు మిగిలినవి. గర్భిణులకు కూడా వేయవచ్చు. ఈ నాలుగు తేదీలు కాగితం మీద రాసిచ్చే ఫార్మసిస్టు చేసే మేలు అంతా ఇంతా కాదు.

అదే కౌంటరు మీద ‘ఇమ్యూనిటీ’ పేరుతో పొడులూ సిరప్‌లూ వరసగా కనబడతాయి. కొవిడ్ నాటి నుంచి ఆ మాటకు గిరాకీ పెరిగింది. 2021 మే నెలలో టీకాలు అందక జనం అల్లాడుతున్నప్పుడు నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది బారులు తీరారు. ఆ జనాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. చావు భయంలో ఉన్నవాళ్ళు ఏ ఆసరా దొరికినా పట్టుకుంటారు. సరైన జవాబు చెప్పాల్సింది శాస్త్రం చదివినవాళ్ళు. తిండి సరిగా లేనివాళ్ళకు తిండి కావాలి, జింక్ లోపించిన వాళ్ళకు జింక్ కావాలి. కానీ ఒక ప్రత్యేకమైన వైరస్‌ను గుర్తుపట్టే జ్ఞాపకాన్ని ఏ సిరప్పూ కలిగించలేదు. ఈ మాట అమ్మకం పోతుందని మింగేసే ఫార్మసిస్టు తన చదువుకు ద్రోహం చేస్తున్నట్టే.

టీకా గురించి ఫార్మసీ విద్యార్థి అందరికంటే బాగా తెలుసుకోవలసింది ఒకటుంది, చలువ. దాదాపు అన్ని టీకాలూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి తగిలితే పోలియో చుక్కలు త్వరగా పాడవుతాయని అందరికీ తెలుసు. గడ్డకడితే హెపటైటిస్-బి, టీడీ, పెంటావాలెంట్ టీకాలు పనికిరావన్నది చాలామందికి తెలియదు. వాటిలో అల్యూమినియం లవణం ఉంటుంది. గడ్డకట్టి కరిగితే అది ముద్దలుగా విడిపోతుంది, కంటికి మామూలుగా కనబడినా రక్షణ ఇవ్వదు. ఫ్రిజ్ తలుపు అరల్లో పెట్టిన టీకాకు తలుపు తెరిచినప్పుడల్లా వేడి తగులుతుంది, ఫ్రీజర్‌కు ఆనుకున్నది గడ్డకడుతుంది. ఉత్తరాంధ్రలో దీనికి తుపాన్లు తోడవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాను ఊడ్చేసింది. ఎన్నో ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. ప్రభుత్వ టీకా కేంద్రాల్లో మంచు పొర ఉన్న ప్రత్యేక ఫ్రిజ్‌లుంటాయి, కరెంటు పోయినా కొంతకాలం చల్లదనం నిలుస్తుంది. మామూలు ఇంటి ఫ్రిజ్ పెట్టుకున్న షాపులో ఆ భరోసా లేదు. తుపాను తరవాత ఫ్రిజ్‌లోని టీకాలను, ఇన్సులిన్‌ను ఏం చేయాలో నిర్ణయించేది ఫార్మసిస్టే. ఉష్ణోగ్రత పట్టిక రోజుకు రెండుసార్లు రాసే అలవాటు విద్యార్థి దశలోనే పడాలి. టీకా కొన్న మనిషి దాన్ని ప్లాస్టిక్ సంచిలో ఎండలో వేలాడేసుకుని వెళ్తుంటే ఆపి, ఐస్ నేరుగా తగలకుండా చల్లగా కట్టి ఇవ్వాలి.

టీకాలకు హద్దులున్నాయని ఒప్పుకోవడమూ నిజాయితీయే. 2024 అక్టోబరులో గరివిడికి పొరుగునే ఉన్న గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అక్కడ కావలసింది శుభ్రమైన నీళ్ళు, పారిశుధ్యం. పసిపిల్లల విరేచనాలకు ప్రధాన కారణమైన రోటావైరస్‌కు మాత్రం హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ ఉంది. 2016లో ప్రభుత్వ కార్యక్రమంలో ఆ టీకాను తొలిగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టైఫాయిడ్‌కు అదే సంస్థ తెచ్చిన కాంజుగేట్ టీకాను ఆరు నెలల బిడ్డకు కూడా వేయవచ్చు. అయితే మంచినీటి పైపులో మురుగు కలుస్తుంటే ఏ టీకా అయినా సగం పనే చేస్తుంది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి టీకానే లేదు. ఎక్కడ టీకా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో చెప్పగలిగినవాళ్ళ మాటనే జనం నమ్ముతారు.

నమ్మకం పోతే ఏమవుతుందో తెలుగు నేల చూసింది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు, సుమారు 14 వేలమందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని నిలిపేశారు. మరణాలకు టీకాతో సంబంధం లేదని దర్యాప్తు తేల్చింది. కానీ అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు, చెప్పకుండా వేయడం మాత్రం తప్పు. ఒక మంచి టీకా మీద ఏళ్ళ తరబడి అనుమానపు నీడ పడింది. ఎవరికి ఏ టీకా వేస్తున్నారో, ఎందుకో, ఏ ఇబ్బంది రావచ్చో చెప్పడం, ఇబ్బంది వస్తే దాచకుండా నమోదు చేయడం ఫార్మసిస్టు విధి. ఔషధాల దుష్ప్రభావాలను తెలియజేయడానికి దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి ఉంది. దాని ఉచిత నంబరు 1800-180-3024 ప్రతి షాపు గోడ మీద ఉండాలి.

అమెరికాలో 2009 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఫార్మసిస్టులు టీకాలు వేసే అధికారం పొందారు. మన దగ్గర కూడా ఆ తలుపు ఒకసారి తెరుచుకుంది. 2021 జనవరి 16న మొదలైన కొవిడ్ టీకా కార్యక్రమం మార్గదర్శకాల్లో టీకా వేయగలవారి జాబితాలో ఫార్మసిస్టు పేరు ఉంది. తొలి డోసులు ఆరోగ్య సిబ్బందికే వేశారు. అంటే రెండు సూత్రాలను ప్రభుత్వం అప్పుడే ఒప్పుకుంది: ముందు నిలబడేవాళ్ళకు ముందు రక్షణ కావాలి, శిక్షణ పొందిన ఫార్మసిస్టు టీకా వేయగలడు. ఆ రెండింటినీ కొవిడ్‌తోనే వదిలేయకూడదు. పిల్లల టీకాలకు ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇంటికే వస్తారు. పెద్దవాళ్ళ టీకాలకు అలాంటి మనిషి లేరు. ఆ ఖాళీని ఊరూరా ఉన్న మందుల షాపు పూరించగలదు, దానిలో నిలబడే వ్యక్తికి తగిన శిక్షణ, చట్టబద్ధమైన అనుమతి ఉంటే.

అందుకు ముందు కాలేజీలు చేయాల్సిన పని చిన్నది. చేరిన నెలలోనే టీకా కార్డు అడగాలి. లేనివాళ్ళకు అదే వారం హెపటైటిస్-బి తొలి డోసు వేయించాలి. అలా చేస్తే మొదటి ఏడాది పరీక్షల లోపే మూడో డోసు పూర్తవుతుంది. వార్డుకు పంపే ముందు యాంటీబాడీల ఫలితం చూడాలి. ఆరోగ్య సిబ్బందికి హెపటైటిస్-బి టీకా వేయించాలని జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఇప్పటికే ఉంది. శిక్షణలో ఉన్న ఫార్మసీ విద్యార్థులనూ ఆ జాబితాలో తప్పక చేర్చాలి. సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో, ఎంత త్వరగా ఆసుపత్రికి వెళ్ళాలో తొలి తరగతిలోనే చెప్పాలి. గుచ్చుకున్న చోట సబ్బుతో కడిగి, హెపటైటిస్-బి రక్షణ లేనివాళ్ళు 24 గంటల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్, టీకా పొందాలి. హెచ్ఐవీ మందులు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దీన్ని ప్రవేశ నిబంధనగా మారిస్తే ఏ కాలేజీకీ తప్పించుకునే దారి ఉండదు.

నిబంధన వచ్చేదాకా ఆగాల్సిన పని విద్యార్థులకు లేదు. గరివిడిలోనో చీపురుపల్లిలోనో విజయనగరంలోనో ఇల్లున్న ఫార్మసీ విద్యార్థి ఈ ఆదివారం ఇంట్లో తన టీకా కార్డు వెతకాలి. దొరకకపోతే సోమవారం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి హెపటైటిస్-బి మొదటి డోసు గురించి అడగాలి. తల్లిదండ్రులు ఫీజు కట్టేటప్పుడు కాలేజీ వాళ్ళను ఒక్క ప్రశ్న అడగాలి: ‘మా పిల్లను వార్డుకు పంపేముందు టీకాలు చూస్తారా?’